వెనక టైరు కింద రాయి

మా ఖమ్మం పాత ఫోటోలకని ఫోన్లో ఒక గ్రూపు ఉంది. నన్నందులో ఎవరు చేర్చారో తెలియదు. చేర్చినప్పటి నుంచీ పొద్దున్నే కాఫీ తాగుతూ ఒళ్లు మండించుకోవడం నాకో అలవాటైపోయింది. ఎవరో ఒకరు స్టేషన్ రోడ్డుదో, కమాన్ బజారుదో నలుపు తెలుపు ఫోటో ఒకటి పెడతారు. ఇక కింద వరసగా మొదలవుతుంది. "ఆహా, రోడ్లు ఎంత శుభ్రంగా ఉండేవి!" "అప్పటి మనుషులకు క్రమశిక్షణ ఉండేది." "ఒక్క కాగితం ముక్క కూడా లేదు చూడండి!"

కాగితం ముక్క ఎందుకు లేదంటే నేను ఏరేశాను కాబట్టి. ఆ ఫోటోల్లో సగం నావే. నిజానికి ఆ రోడ్డు మీద గేదెలు పడుకునేవి. అరటిపళ్ల బండివాడు తొక్కలు అక్కడే పారేసేవాడు. హోటలువాళ్లు అంట్లు కడిగిన నీళ్లు నడిరోడ్డు మీదే పోసేవాళ్లు. కెమెరా పెట్టే ముందు నేను గేదెల్ని అదిలించి, సైకిళ్లు జరిపించి, తొక్కల్ని కాలితో పక్కకు నెట్టి అప్పుడు నొక్కేవాణ్ని. వీళ్లందరూ బెంగపెట్టుకున్న ఆ పాత ఖమ్మం పావుగంట సేపే ఉండేది. నేను సంచి సర్దుకోగానే గేదెలు మళ్లీ వచ్చి వాటి చోట్లో అవి పడుకునేవి.

నేను ఈ ఊళ్లో ఒక ఫోటో స్టూడియోలో పనివాడిగా చేరి, చివరకు దాని యజమానిగా రిటైరైనవాణ్ని. ఇప్పుడు స్టూడియోను మా కోడలు నడుపుతోంది. కొత్తగా కెమెరా పట్టిన పిల్లలు మీరు షాపుకొచ్చినప్పుడల్లా "తాతా, రీళ్ల కాలం సంగతులు చెప్పు" అంటారు. పెళ్లికొడుకు అలిగి మండపం దిగిపోయిన కథో, దండ మార్చుకునే వేళకు రీలు అయిపోయిన కథో చెప్పి పంపిస్తుంటాను. ఈ ఒక్కటి మాత్రం చెప్పలేదు. చెప్పుకుని మురిసిపోయే సంగతి కాదు మరి. మొన్న మా కోడలు పట్టుబట్టింది, మీ నోటితో కాకపోతే రాసైనా పెట్టండి అని. అందుకని రాస్తున్నాను.

నాకు పేరు తెచ్చినవి పెళ్లి ఫోటోలు కావు, లారీ ఫోటోలు. ఆ రోజుల్లో లారీ కొన్నవాడు దానికి బాడీ కట్టించి, రంగులు వేయించి, పూజ అయిన రోజునే ఫోటో తీయించుకునేవాడు. కన్నకొడుకుకు తీయించకపోయినా లారీకి తీయించేవాడు. దానికి ఫ్రేము కట్టించి ముందు గదిలో దేవుళ్ల పక్కన తగిలించేవాడు. అప్పటి లారీలు ఇప్పటివాటిలా ముందు చదునుగా ఉండేవి కావు. ఇంజను ముక్కులాగా పొడుచుకొచ్చి ఉండేది. కేబిన్ మొత్తం చెక్కతో కట్టేవాళ్లు. డ్రైవరు తలుపు పక్కన రబ్బరు బుడ్డితో నొక్కే హారను ఉండేది.

లారీ ఫోటోకు ఒక పద్ధతి ఉండేది. ముందు చక్రాన్ని కొంచెం పక్కకు తిప్పించాలి, అప్పుడే టైరు ముఖం కనిపిస్తుంది. హెడ్‌లైట్లు తుడిపించాలి. పూజలో నిమ్మకాయలు నలిగిన మరకలు కడిగించాలి. ఓనరు బానెట్ దగ్గర, డ్రైవరు తలుపు దగ్గర నిలబడాలి. బండి కింద దాని నీడ తప్ప ఇంకేమీ కనిపించకూడదు. ఈ చివరిది నేను సొంతంగా పెట్టుకున్న నియమం. దాని గురించి నాకు అంతో ఇంతో పొగరు కూడా ఉండేది.

గ్రూపులో అందరూ తెగ మెచ్చుకునే ఫోటో ఒకటి ఉంది. స్టేషన్ రోడ్డు మీద కొత్త లారీ. పక్కన తెల్ల పంచెలో ఓనరు. ఆయనవాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొని స్థిరపడ్డ రైతులు. వ్యవసాయంతో పాటు లారీలూ తిప్పేవాళ్లు. తలుపు దగ్గర పొడుగ్గా, బక్కగా నిలబడ్డవాడు డ్రైవరు. కల్లూరు మనిషి. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండి ఉండవు.

ఆ రోజు నేను చెప్పిన చోట బండి ఆపి, దిగీ దిగగానే అతను చేసిన మొదటి పని చుట్టూ వెతకడం. మోరీ పక్కన ఒక రాయి దొరికింది. తెచ్చి వెనక టైరు కింద పెట్టాడు. ఆ కాలపు హ్యాండ్ బ్రేకుల్ని ఎవరూ నమ్మేవాళ్లు కాదు, ఎత్తు మీద ఆపితే డ్రైవర్లంతా రాయి పెట్టేవాళ్లు. కానీ స్టేషన్ రోడ్డు నేల బల్లపరుపు.

"అన్నా, ఆ రాయి తియ్యి. ఫోటోల పడతది" అన్నాను.

"రాయి తీస్తే ఎట్ల సార్? బండి ఆగినాక రాయి పెట్టాల్సిందే."

"ఇది చదును రోడ్డు. బండి యాడికి పోతది?"

"చదునో ఎత్తో బండికేం తెలుస్తది సార్? నా అలవాటు నాకుండాలె గని."

ఓనరు నవ్వాడు. "మావాడికి రాళ్ల పిచ్చండీ. ఇంట్లో మంచం కోడుకి కూడా రాయి పెడతాడేమో అడగండి. ఒరేయ్, ఒక్క నిమిషం తియ్యరా, ఆయన ఫోటో ఆయన తీసుకుంటాడు. ఎండెక్కిపోతోంది."

అతను తీశాడు. తీశాడు గానీ పారెయ్యలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఆ రాయి పట్టుకునే తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను నొక్కడం, అతను పరిగెత్తి రాయి మళ్లీ టైరు కింద పెట్టడం ఒకేసారి జరిగాయి. మేమందరం పడీ పడీ నవ్వాం. ఆ ఫోటో కింద ఇప్పుడు గ్రూపులో ఒకాయన "చేతులు వెనక్కి కట్టుకున్న ఆ డ్రైవరు వినయం చూడండి" అని రాశాడు. దానికి యాభై మంది దండాలు పెట్టారు. వినయం కాదయ్యా బాబూ, ఆ చేతుల్లో ఉన్నది రాయి.

రెండు మూడేళ్లు గడిచాయి. ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు ఆ ఓనరు గారే షాపుకొచ్చాడు. మనిషి మొహంలో కళ లేదు.

"నిన్న మధ్యాహ్నం మన లారీ పడిపోయిందండీ. చర్ల దగ్గర అడవిలో. రోడ్డు రిపేరు గ్యాంగులో పనిచేసే అతని కాలు నలిగిపోయింది. పోలీసులకీ ఇన్సూరెన్సు వాళ్లకీ ఫోటోలు కావాలంట. ఇంకెవర్నీ నమ్మనండీ, మీరే రావాలి."

ఆ ఆఖరి మాట నాకు నచ్చింది. ఒక మనిషి కాలు పోయిన కబురులో కూడా నాకు వినపడింది ఆ మాటే. జీపెక్కాను.

గోదావరి దాటి, భద్రాచలం దాటి, అడవిలో గుంతల రోడ్డు మీద పోయీ పోయీ మధ్యాహ్నానికి అక్కడికి చేరాం. దారిలో ఓనరు జరిగింది చెప్పాడు. లారీ నిండా వెదురు బొంగుల లోడు. ఎత్తు ఎక్కుతుంటే రేడియేటర్లో నీళ్లు మరిగిపోయాయి. డ్రైవరు సగం ఎత్తులో బండి ఆపి, డబ్బా తీసుకుని నీళ్ల కోసం వాగులోకి దిగాడు. అతను వెనక్కి వచ్చేలోపు బండి దానంతట అదే వెనక్కి జారింది. కింద కల్వర్టు గోడ నీడలో రోడ్డు గ్యాంగువాళ్లు అన్నాలు తింటున్నారు. మిగతావాళ్లు లేచి ఉరికారు. ఒక కోయ మనిషి మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుంటూ లేవలేకపోయాడు. అతన్ని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయి మోకాలి కింద కాలు తీసేశారు. డ్రైవరు పోలీసుల దగ్గర ఉన్నాడు.

"రాయి పెట్టలేదా?" అని అడిగాను.

"పెట్టాననే అంటున్నాడండీ. పెడితే బండి ఎందుకు జారుతుంది?" అన్నాడు ఓనరు.

కల్వర్టు దగ్గర లారీ పక్కకు ఒరిగి పడి ఉంది. బొంగులు రోడ్డంతా పరుచుకున్నాయి. ఎస్సై బొంగుల మీదే కూర్చుని పంచనామా రాయిస్తున్నాడు. నేను నాలుగు వైపుల నుంచీ తీశాను, రీలు అయిపోయింది. ఎస్సై తలెత్తి, "పైన బండి ఆగిన జాగ నుంచి గూడ ఒకటి కొట్టు. ఎత్తు ఎంతున్నదో తెల్వాలె. జల్దీ" అన్నాడు.

ఒక్కణ్నే పైకి నడిచాను. నడుస్తూనే కొత్త రీలు ఎక్కించాను. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, మీరు రీలు ఎరగరు కాబట్టి. రీలు ఎక్కించేటప్పుడు మొదటి బెత్తెడు ఫిల్ము వెలుతురు తగిలి కాలిపోతుంది. అందుకని మూత వేశాక కెమెరా ఎటుంటే అటు రెండుసార్లు ఊరికే నొక్కి, కాలిన ముక్కను ముందుకు తిప్పేస్తాం. ఆ రెండు బొమ్మలనూ ఎవరూ ప్రింటు వేయరు, వాటిలో ఏముందో చూడరు కూడా. బండి ఆగిన చోటుకు చేరి, కెమెరా రొమ్ము మీద నేల వైపు వేలాడుతుండగానే నేనూ అట్లాగే రెండు నొక్కాను. తర్వాత కన్ను పెట్టి చూశాను.

అబ్బ, ఎంత బాగుందో! తెల్లటి మట్టి రోడ్డు, రెండు పక్కలా ఆకు రాలిన చెట్లు, రోడ్డు చివర బొమ్మలాగా లారీ, దాని వెనక గుట్టలు. సిగ్గుపడాల్సిన మాటే, కానీ ఆ క్షణంలో నాకు కాలు పోయిన మనిషీ గుర్తులేడు, డ్రైవరూ గుర్తులేడు. బొమ్మలో ఒక్కటే లోపం కనిపించింది. కింది మూలన, టైరు జాడలో, రెండుగా పగిలిన రాయి ఒకటి అసహ్యంగా పడి ఉంది. కెమెరా మీంచి కన్ను తీయకుండానే కుడికాలితో ఒక్క తోపు తోశాను. అనుకున్నదాని కంటే గట్టిగా తగిలింది. బొటనవేలు చివుక్కుమంది. రెండో ముక్కను ఒంగి చేత్తోనే విసిరాను. రెండూ పోయి పక్కన ఆకులతో నిండిన కాలువలో పడ్డాయి. అప్పుడు నొక్కాను.

ఆ రాయి అక్కడ ఎందుకుందో నాకు తట్టలేదా అని మీరు అడగొచ్చు. మా కోడలూ అడిగింది. తట్టలేదు. అరటితొక్కను తీసినట్టే తీశాను.

ఆ ఫోటో అందరికీ నచ్చింది. ఎస్సై అయితే "క్యాలెండర్ లెక్క ఉన్నదయ్యా" అన్నాడు. తర్వాత స్టేషన్లో డ్రైవరు రాయి రాయి అని మొత్తుకుంటే ఒక కానిస్టేబుల్‌ను పంపారట. అతను వెళ్లి చూస్తే రోడ్డు మీద రాయి లేదు. కాలువలో మాత్రం ఆకుల కింద కావలసినన్ని రాళ్లున్నాయి.

కేసు మరుసటి ఏడాది భద్రాచలం కోర్టులో విచారణకు వచ్చింది. సాక్ష్యానికి నన్నూ పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. డ్రైవరు బోనులో నిలబడి ఉన్నాడు. అసలే బక్క మనిషి, ఇంకా చిక్కిపోయాడు.

"రాయి పెట్టిన సార్" అన్నాడు జడ్జి గారితో. "కొబ్బరికాయంత రాయి. ఎడమ దిక్కు వెనక టైరు కింద. రాయి పెట్టకుండ నేను ఏనాడు బండి దిగలే."

సర్కారు వకీలు నా ఫోటో తీసుకెళ్లి అతని చేతికిచ్చాడు. "బండి ఆగింది ఇక్కడేనా?"

"అవ్ సార్, ఈడనే."

"రాయి ఎక్కడుందో చూపించు."

అతను ఫోటోను రెండు చేతులతో పట్టుకుని చూశాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు, అటుపక్క ఉంటుందేమో అన్నట్టు. "ఉండాలె సార్" అన్నాడు. "దీంట్లనే ఉండాలె."

సరిగ్గా అప్పుడు నాకు నా కాలి బొటనవేలు గుర్తొచ్చింది. ఆ గోరు నల్లబడి, ఊడిపోయి, కొత్తది మొలిచింది. ఆ దెబ్బ ఎట్లా తగిలిందో కోర్టులో కూర్చుని ఉండగా కళ్లకు కట్టినట్టు కనిపించింది.

నా వంతు వచ్చింది. డ్రైవరు తరఫు వకీలు నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "మీరు ఫోటో తీసినప్పుడు రోడ్డు ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది సార్" అన్నాను.

ఇందులో అబద్ధం లేదు చూశారా. నేను నొక్కిన క్షణానికి రోడ్డు అలాగే ఉంది. ఈ తెలివైన జవాబు చూసుకుని తిరుగు బస్సులో గోదావరి వంతెన దాటేదాకా నన్ను నేనే మెచ్చుకున్నాను. వంతెన దాటాక అదీ పనిచేయలేదు. అసలు సంగతి ఏంటంటే భయపడ్డాను. పోలీసులు ఫోటో తీయమన్న చోట వస్తువు తీసేసినందుకు నామీదే కేసు పెడతారని భయం. కోర్టులు నమ్మే ఫోటోగ్రాఫరని నాకున్న పేరు పోతుందని భయం. పోనీ రాయి సంగతి చెప్పకపోతే మానె, స్టేషన్ రోడ్డు మీద అతను వీపు వెనక రాయి దాచుకుని నిలబడ్డ సంగతైనా చెప్పొచ్చు కదా. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంకొకటి కూడా ఉంది, రాయడానికి చేయి రావడం లేదు. బోను దిగి పోతూ అతను నా ముందు ఆగాడు. "ఫోటో సార్, మీకు తెల్వదా? నేను రాయి పెట్టకుండ బండి దిగుతనా?" అన్నాడు.

"నాకేం తెలుసన్నా" అన్నాను నేను.

అతనికి కొన్ని నెలల జైలు పడింది. లైసెన్సు రద్దయింది. బయటికొచ్చాక అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లు దగ్గర గెలలు దించే పనికి పోతున్నాడని ఓనరు గారు ఒకసారి చెప్పాడు. ఎన్ని బళ్లు వచ్చినా దించే పనే, నడిపే పని లేదు. నేను ఆ తర్వాత కళ్లు సరిగా కనబడటం లేదని సాకు చెప్పి యాక్సిడెంటు ఫోటోలు మానేశాను. ఊళ్లో గేదెల్ని అదిలించడం మాత్రం మానలేదు. మనిషి అంత తొందరగా ఏం మారతాడు? ఖమ్మం నుంచి అశ్వారావుపేటకు బస్సులు తిరుగుతూనే ఉన్నాయి, నేను ఒక్కటీ ఎక్కలేదు.

పోయిన వానాకాలం మా కోడలు నా రేకు డబ్బాలన్నీ దించి నెగెటివ్‌లు కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. తనది సత్తుపల్లి. ఏ పనైనా మొదలుపెడితే చివరి ముక్క దాకా వదలదు. నేనైతే మంచి బొమ్మలు ఏరుకునేవాణ్ని. తను కాలిపోయినవి, చెయ్యి కదిలి మసకబారినవి కూడా వదలకుండా ఎక్కించింది.

"మామయ్యా, ఇదేంటి, మీ చెప్పు పడింది ఫోటోలో!" అని నవ్వుతూ పిలిచింది.

వెళ్లి చూశాను. తెర మీద సగం బొమ్మ తెల్లగా కాలిపోయి ఉంది. మిగిలిన సగంలో మట్టి రోడ్డు. దాని మీద టైరు జాడ. జాడ మధ్యలో రెండుగా పగిలిన రాయి, ఒక ముక్క మీద టైరు ఎక్కి ఒరుసుకున్న నల్లటి చార. కింద నా కుడికాలి చెప్పు కొస. ఊరికే నొక్కిన ఆ రెండింటిలో రెండోది.

"సగం కాలిపోయినా బాగుంది మామయ్యా. ఈ తెలుపు తగ్గించేస్తా. మీ చెప్పూ, ఆ రాయీ తీసేస్తే రోడ్డు నీట్‌గా వస్తుంది, గ్రూపులో పెట్టొచ్చు" అంటూనే వేలు తెర మీద పెట్టేసింది. మీ కాలంలో తుడవడానికి కాలు కూడా అక్కర్లేదు కదా, వేలు చాలు.

"ముట్టుకోకు!" అని అరిచాను.

పిల్ల బిత్తరపోయింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో దాన్ని నేను ఒక్క మాట గట్టిగా అన్నది లేదు. అక్కడే స్టూలు మీద కూలబడి మొత్తం చెప్పాను. అంతా విని, "ఆయన ఉన్నారా మామయ్యా?" అంది.

"తెల్వదమ్మా."

"ఇన్నేళ్లలో కనుక్కోలేదా?"

తనే సాయంత్రానికి ప్రింటు తీసి కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. "రేపు పొద్దున బస్సుకి వెళ్లండి" అంది.

అశ్వారావుపేటలో మిల్లు గేటు దగ్గర అడిగితే, "పాత డ్రైవర్ తాతనా? గదిగో, తోటల ఎంబడి పోతే రేకుల ఇల్లు" అని చూపించారు. పామాయిల్ తోట అంచున చిన్న ఇల్లు. ముందు చదునుగా ఊడ్చిన వాకిట్లో ట్రాక్టరు ఆగి ఉంది. కొడుకుదట. దాని వెనక టైర్లు రెండింటి కిందా రెండు రాళ్లున్నాయి. అవి చూసి నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను ఇట్టే గుర్తుపట్టాడు. "ఫోటో సార్ కదా! బక్కగైన్రు. కూసోండ్రి" అని మంచం మీద జరిగాడు. భార్య మంచినీళ్లు తెచ్చింది. బాగోగులు అడుగుతుంటే నేను ఆగలేక కవరు తీసి చేతికిచ్చాను.

ఆయన అద్దాలు పెట్టుకుని చూశాడు. పగిలిన రాయి మీద వేలు పెట్టాడు. ఒక ముక్క మీద, తర్వాత రెండో ముక్క మీద.

"ఇది యాడిది సార్?"

"యాక్సిడెంట్ అయిన తెల్లారిదే అన్నా. చర్ల దిక్కు, నీ బండి ఆగిన జాగ."

"మరి కోర్టుల చూపిచ్చిండ్రు గదా, సాఫ్ రోడ్డు?"

"అది తర్వాత కొట్టిన. ఇది దానికంటె ముందు పడ్డది. నడుమల నేను రాయి తీసి కాల్వల ఏసిన. ఈ చెప్పు నాదే."

ఆయన నా వంక చూడలేదు. "ఇగో, ఇట్ల రా" అని భార్యను పిలిచాడు. "చూడు. రాయి." ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఒంగి చూసి, గడప మీద కూర్చుండిపోయింది. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు.

"పెట్టిన పెట్టిన అని పదేండ్లు చెప్పిన సార్. ఈమె తప్ప ఎవ్వరు నమ్మలే. చెప్పంగ చెప్పంగ నాకే అనుమానం పట్టింది. డబ్బా పట్టుకొని వాగుల దిగింది యాదికున్నది. రాయి పెట్టింది యాదికి రాకపాయె. కండ్లు మూస్తే ఆ కోర్టు ఫోటోనే కనబడేది. సాఫ్ రోడ్డు. ఇగ నేనే మర్చిపోయి ఉంటనని ఒప్పుకున్న."

"ఎవరి తోని ఒప్పుకున్నవ్?" అంది భార్య మెల్లగా. "సార్‌కు అది గూడ చెప్పు."

"ఆయన తోని" అన్నాడు. "కాలు పోయినాయన తోని. బస్సెక్కి వాళ్ల ఊరికి పోయిన. కర్ర పట్టుకొని బయటికొచ్చిండు. ఆయన కాళ్ల మీద పడ్డ. కాళ్లు అనుకుంట పడ్డ, ఒకటే ఉండె. రాయి పెట్టలేదన్నా, మర్చిపోయిన, మాఫ్ చెయ్యి అన్న. మర్చిపోతే ఏం చేస్తం తియ్యి, లే అన్నడు. అన్నం తినిపోమన్నడు. తిన్న సార్. ఆ ఇంట్ల కూసోని అన్నం తిన్న."

"ఇప్పుడున్నడా ఆయన?"

"పోయిండు. మూడేండ్లాయె. నేను మర్చిపోయిననే అనుకొని పోయిండు."

చేతులు జోడించాను. తప్పు నాదన్నాను, కోర్టులో నోరు మూసుకున్నానన్నాను, భయపడ్డానన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన అన్నీ విన్నాడు.

"ఎందుకు తీసినవ్ సార్ రాయి?"

"ఫోటోల మంచిగ లేదని."

"కోర్టుల ఫోటో మంచిగనే ఉండె" అన్నాడు. కోపంగా అనలేదు. తిడితే నాకు కాస్త నయంగా ఉండేది, తిట్టలేదు.

లేవబోతుంటే చేయి పట్టుకుని ఆపాడు. "దీన్ని పెద్దగ చేసి ఇంకోటి తీసియ్యి సార్. ఆయన కొడుకున్నడు ఆ ఊళ్లె. పోయి ఆయన చేతికియ్యాలె."

"రేపే తీపిస్త అన్నా. ఫ్రేము గూడ కట్టిపిస్త" అన్నాను. ఆ తర్వాత నలభై ఏళ్ల అలవాటు, నన్ను అడక్కుండానే నోట్లోంచి ఊడిపడింది. "ఈ కాలిపోయిన తెలుపంత మా కోడలు సాఫ్ చేస్తది, మంచిగ కనబడతది."

ఆయన అద్దాలు తీసి, మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఏం సాఫ్ చెయ్యొద్దు సార్" అన్నాడు. "నీ చెప్పు గూడ గట్లనే ఉండనియ్యి."